తలుపు, ద్వారబంధం కలిసి వస్తే: సలాబత్‌పురా ఇంట్లో అమర్చే ముందు గోడను అడగవలసినవి

సూరత్ నగరంలో వానలు మొదలయ్యాక కొన్ని ఇళ్లలో తలుపులు మొరాయిస్తాయి. మే నెలలో ఒక వేలితో నెడితే మూసుకున్న తలుపు జులైకి భుజం పెట్టి తోసినా కదలదు. స్నానాల గది తలుపైతే అడుగుభాగం ఉబ్బి, నల్లబడి, చివరకు పొట్టు రాలుతుంది. దాన్ని మార్చాలనుకున్న కుటుంబానికి ఇప్పుడు దుకాణదారు రెండు దారులు చూపుతున్నాడు. వడ్రంగి వచ్చి ద్వారబంధం, తలుపు రెక్క విడివిడిగా చేసి బిగించడం ఒకటి. రెండూ ముందే కలిపి, మడతబందులు బిగించి ఒకే వస్తువుగా అమ్మే సిద్ధపు తలుపును తెచ్చుకోవడం రెండవది.

రెండవ దారి చూడటానికి సులువైనది. పెట్టె విప్పి గోడలోని ఖాళీలో నిలబెడితే పని అయిపోయినట్లే కనిపిస్తుంది. కానీ ఈ తలుపు ఏ గోడల కోసం పుట్టిందో, సలాబత్‌పురాలోని గోడలు ఎలాంటివో తెలియకుండా కొంటే డబ్బూ శ్రమా రెండూ వృథా కావచ్చు. స్నానాల గది విషయంలోనైతే ప్రాణాపాయం కూడా ఉంది.

సలాబత్‌పురా సూరత్ పాత నగరానికి ఆనుకొని పెరిగిన 'పురా'ల్లో ఒకటి. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లు దీనికి చేరువలోనే ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఈ నగరపు మరమగ్గాలతో ముడిపడి జీవిస్తున్నాయి. సలాబత్‌పురా, లింబాయత్, ఉధ్నా వైపు వీధుల్లో తెలుగు మాట వినిపించడం వింత కాదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఈ కుటుంబాల్లో చాలామందికి సొంత ఇల్లు ఒక తరం కష్టార్జితం. అందులో ఒక గదిని రెండుగా విడదీసి, పెళ్లయిన కొడుకుకో, చదువుకునే కూతురికో ఒక తలుపు వేసి ఇవ్వడం చిన్న విషయం కాదు.

ఏ గోడ కోసం పుట్టిన తలుపు?

ద్వారబంధంతో కలిసి వచ్చే లోపలి తలుపు అమెరికా ఇళ్లలో సర్వసాధారణం. అక్కడ లోపలి గోడలు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం పలకలు బిగించి కట్టినవి. ఖాళీని తలుపు కన్నా కొంచెం పెద్దదిగా వదిలి, ద్వారబంధాన్ని అందులో నిలిపి, చుట్టూ ఉన్న సందులో పలుచని చెక్క చీలికలు దోపి నిటారుగా సర్దుతారు. తరువాత మేకులు కొడితే అవి నేరుగా చెక్కలోకి దిగుతాయి. చివరకు సందు కనబడకుండా చుట్టూ పట్టీలు బిగిస్తారు.

మన వద్ద గోడ ఇటుకది. ద్వారబంధాన్ని గోడ కడుతున్నప్పుడే నిలబెట్టి, దానికి బిగించిన ఇనుప పట్టీలను ఇటుకల వరుసల మధ్య కాంక్రీటులో పూడ్చి, ఆ తరువాత సున్నపు పనో సిమెంటు పూతో పూర్తి చేస్తారు. అంటే ద్వారబంధం గోడలో ఒక అవయవం. తలుపు రెక్క మాత్రమే తరువాత వస్తుంది. సిద్ధపు తలుపు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. గోడ ముందు పూర్తి కావాలి, ద్వారబంధం తరువాత రావాలి.

ఈ తేడా ఒక చిన్న కొలతలో బయటపడుతుంది. అమెరికా గోడకు సరిపడేలా చేసిన ద్వారబంధం లోతు సుమారు నాలుగున్నర అంగుళాలు. మన అర ఇటుక గోడ కూడా నాలుగున్నర అంగుళాలే, అంటే దాదాపు 115 మిల్లీమీటర్లు. సరిపోతుందనిపిస్తుంది. కానీ రెండు వైపులా పూత వేశాక ఆ గోడ దాదాపు అయిదున్నర అంగుళాలు అవుతుంది. ద్వారబంధం గోడకంటే లోపలికి ఉండిపోయి, చుట్టూ బిగించే పట్టీ గోడకు ఆనక, అంగుళం మేర పూత అంచు బయటికి కనబడుతుంది. అందువల్ల వెడల్పు, ఎత్తులకంటే ముందు అడగవలసిన ప్రశ్న గోడ మందం ఎంత అన్నది. దాన్ని పూత, పలకలతో కలిపి కొలవాలి. స్నానాల గదికి లోపలి వైపు టైల్స్ ఉంటే వాటి మందాన్ని కూడా చేర్చాలి.

పాతదాన్ని పీకాలా?

పాత ద్వారబంధం గట్టిగా ఉంటే దాన్ని కదపకుండా ఉండటమే మంచిది. గోడలో పాతుకున్న ఇనుప పట్టీలను కోసి, ద్వారబంధాన్ని ఊడదీసేసరికి ఇరువైపులా పూత పెచ్చులుగా లేస్తుంది. ఆ గోడను తిరిగి సరిచేసే ఖర్చును సిద్ధపు తలుపు ధరలో ఎవరూ చెప్పరు. పాత ద్వారబంధం టేకుదైతే, దానికి ఈనాడు దొరికే చాలా సరుకుకంటే ఎక్కువ ఆయుష్షు మిగిలి ఉండవచ్చు. అలాంటి చోట తలుపు రెక్క ఒక్కటే మార్చుకోవాలి.

గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నేలకు ఆనే చోట, నిలువు కమ్ముల కింది జానెడు భాగంలో స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. మొన వెన్నలోకి దిగినట్లు దిగితే కుళ్లు పట్టింది. సుత్తి పిడితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే చెదలు తిన్నాయి. ఈ రెండింటిలో ఏది ఉన్నా మార్చక తప్పదు. చెదల విషయంలో ముందు గోడకూ నేలకూ మందు వేయించాలి. లేకపోతే కొత్త తలుపు వాటికి కొత్త ఆహారం.

పాత నగరపు ఇళ్లలో మరొక జాగ్రత్త ఉంది. పూర్వపు సూరత్ ఇళ్లలో చెక్క స్తంభాలు, దూలాలు గోడలో కలిసిపోయి పై అంతస్తు బరువును మోస్తుంటాయి. తలుపు పక్కన కనిపించే నిలువు చెక్క ద్వారబంధమా, ఇంటి స్తంభమా అని తేల్చుకోకుండా రంపం పెట్టకూడదు. తలుపు పైన అడ్డంగా ఉన్న చెక్క లేదా రాతి పలక గోడ బరువును మోసేది. దాన్ని కదపడం ఇంటివారు చేసే పని కాదు.

కొందరు పాత ద్వారబంధాన్ని అలాగే ఉంచి, దాని లోపలే కొత్తదాన్ని బిగించమంటారు. పని తేలికే కానీ దారి ఇరుకవుతుంది. ఇరువైపులా కలిపి రెండు, మూడు అంగుళాలు పోతే మంచం, బీరువా పక్కకు తిప్పినా దూరవు. రేపు ఇంట్లో ఎవరికైనా చక్రాల కుర్చీ అవసరమైతే ఆ తలుపు అడ్డుగోడ అవుతుంది. అందరికీ ప్రవేశ సౌలభ్యం గురించి కేంద్ర ప్రభుత్వం 2021లో వెలువరించిన మార్గదర్శకాలు తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్ల దారి ఉండాలంటాయి. చిన్న ఇళ్లలో అంత సాధ్యపడకపోవచ్చు. ఉన్నదాన్ని తగ్గించుకోకుండా చూసుకోవడం మాత్రం సాధ్యమే.

కొలతలు, కుడి ఎడమలు

ఖాళీ వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవాలి. ఎత్తును రెండు చివర్లలో కొలవాలి. వచ్చిన వాటిలో అతి చిన్నదే అసలు కొలత. మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కూడా కొలిచి చూడాలి. అవి సమానంగా లేకపోతే ఖాళీ ఒక పక్కకు ఒరిగి ఉన్నట్లు.

లెక్క ఇలా ఉంటుంది. తలుపు రెక్క వెడల్పు 750 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇరువైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున సందు, 20 మిల్లీమీటర్ల చొప్పున నిలువు కమ్ముల మందం కలిపి ద్వారబంధం వెలుపలి వెడల్పు 796 అవుతుంది. చీలికలు దోపి సర్దడానికి ఇరువైపులా 10 మిల్లీమీటర్లు కావాలి. అంటే గోడలో 816 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఎత్తులోనూ అంతే: 2000 మిల్లీమీటర్ల రెక్కకు కింద 10, పైన 3, పైకమ్మి 20, దాని మీద సర్దుబాటుకు 10 కలిపి 2043. కమ్మి మందం మారితే లెక్క మారుతుంది. ఖాళీ ఇంతకంటే మరీ పెద్దదైతే, చీలికల మీద చీలికలు పేర్చి నెట్టుకురావడం కాకుండా, ముందు గోడను సిమెంటుతో సరిచేసి, అది ఎండాకే తలుపు తేవాలి.

తలుపు ఏ వైపు తెరుచుకోవాలన్నది కొనేటప్పుడే తేలిపోవాలి. విడి తలుపుకైతే బందులు అటువి ఇటు మార్చవచ్చు. కలిసి వచ్చే తలుపుకు ఆ వీలు ఉండదు. 'కుడి చేతి తలుపు', 'ఎడమ చేతి తలుపు' అనే మాటలు దుకాణాల్లో వినిపిస్తాయి కానీ, ఎటువైపు నిలబడి చూస్తే కుడి అన్న విషయంలో అమ్మేవారికీ కొనేవారికీ తరచూ పొత్తు కుదరదు. కాగితం మీద గది నక్షా గీసి, బందులు ఉండే పక్కనూ, రెక్క తిరిగే వంపునూ గుర్తుపెట్టి ఇవ్వడం నూరు మాటల కంటే నయం. గీసేటప్పుడే మంచం, మీటల పలక ఎక్కడున్నాయో కూడా చూసుకోవాలి. తెరిచిన తలుపు వెనుక లైటు మీట దాక్కుంటే ప్రతి రాత్రీ చీకట్లో తడుముకోవలసిందే.

సూరత్ దుకాణంలో మాటల ఇబ్బంది కూడా ఒకటుంది. ఆంధ్ర ప్రాంతంలో ద్వారబంధం, గుమ్మం అనేదాన్ని తెలంగాణలో దర్వాజ అంటారు. గుజరాతీలో తలుపు 'బారణు', ద్వారబంధం 'బార్‌సాఖ్', మడతబందు 'మిజాగరు', గడప 'ఉంబరో'. హిందీలో అడిగితే 'చౌఖట్', 'కబ్జా' అంటారు. 'దర్వాజా కావాలి' అని తెలంగాణ అర్థంతో అడిగితే హిందీ అర్థంతో రెక్క ఒక్కటే చూపించే అవకాశం ఉంది.

గడప ప్రస్తావన వచ్చింది కాబట్టి: సిద్ధపు లోపలి తలుపులకు సాధారణంగా గడప ఉండదు, ద్వారబంధానికి మూడే పక్కలు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టే గడప సింహద్వారానిది కనుక ఆనవాయితీకి భంగమేమీ లేదు. పెద్దల కాలికి తట్టుకునే అడ్డు ఒకటి తగ్గుతుంది కూడా. స్నానాల గదికి మాత్రం నీరు బయటికి రాకుండా నేలను లోపలికి వాలుగా, కాస్త పల్లంగా ఉంచుకోవాలి.

ఏ సరుకు?

చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పొడిగాలిలో వదిలేస్తుంది. తేమ పీల్చినప్పుడు నిలువునా దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. జులైలో తలుపు ఎత్తు పెరగదు కానీ వెడల్పు పెరగడానికి కారణం ఇదే. ఫ్లష్ తలుపుల్లో పైపొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కనుక వాటికి ఈ జబ్బు తక్కువ. ఇవి కొనేటప్పుడు ఐఎస్ 2202 ప్రమాణం, ఐఎస్‌ఐ ముద్ర ఉన్నాయో లేదో చూడాలి. లోపలి గదులకు 30 లేదా 35 మిల్లీమీటర్ల మందం వాడుకలో ఉంది.

పల్చని పలకల మధ్య కాగితపు తేనెపట్టు నింపిన తలుపులు తేలికగా, చౌకగా ఉంటాయి. వాటికి వానాకాలపు తేమ, పిల్లల తోపులాట రెండూ పడవు. చెక్కపొడిని అదిమి చేసిన పలకలు ఒకసారి నీట నానితే తిరిగి పూర్వరూపానికి రావు. 2006 ఆగస్టులో తపతి నది వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. వాగులు పొంగినప్పుడు లింబాయత్ వైపు పల్లపు ఇళ్లలోకి నీరు రావడం ఆ తరువాత కూడా జరిగింది. కింది అంతస్తులో ఉండేవారు ఇలాంటి పలకల జోలికి పోకపోవడం మంచిది.

స్నానాల గదికి చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ తలుపులు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. నీటికి కుళ్లవు, చెదలు పట్టవు. అయితే వాటిలో నాణ్యత తేడాలు ఎక్కువ. స్క్రూ బలంగా పట్టేది లోపల నిండుగా ఉన్న ద్వారబంధంలోనే. డొల్లదానిలో కొన్నాళ్లకు స్క్రూ ఊడివస్తుంది. కొనేముందు కోసిన ముక్క చూపించమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. కింది అంతస్తులో మగ్గాలు నడిచే భవనాల్లోనైతే ఈ పట్టు మరీ ముఖ్యం. రోజంతా ఉండే అదురుకు స్క్రూలు క్రమంగా వదులవుతాయి.

ఏ చెక్క తలుపుకైనా ఒక పని మరవకూడదు. పై అంచుకు, కింది అంచుకు రంగు వేయడం చాలామంది వదిలేస్తారు. కంటికి కనబడవు కదా అని. తేమ దూరేది అక్కడి నుంచే. నిలబెట్టాక కింది అంచుకు కుంచె అందదు కనుక, తలుపు పడుకోబెట్టి ఉన్నప్పుడే రెండు అంచులకూ ప్రైమరు, దానిపై రంగు రెండు పూతలు వేయాలి. గొళ్ళెం కోసం తొలిచిన రంధ్రాల లోపలి అంచులు కూడా ఈ లెక్కలోవే.

నిలబెట్టడం

తెచ్చిన తలుపును రెండు మూడు రోజులు అదే గదిలో పడుకోబెట్టి ఉంచాలి. గది గాలికి అలవాటుపడుతుంది. రెక్కను ద్వారబంధానికి కట్టి ఉంచిన పట్టీలను, స్క్రూలను తొందరపడి విప్పకూడదు. విప్పితే ద్వారబంధం పక్కకు ఒరిగిపోతుంది. నిండు ఫ్లష్ తలుపు బరువు 30 కిలోలు దాటవచ్చు కాబట్టి ఇద్దరు మనుషులు ఉండాలి.

మొదట చూడవలసింది నేల. రసమట్టాన్ని ఖాళీకి అడ్డంగా నేలమీద పెట్టి, ఏ పక్క ఎత్తుగా ఉందో గుర్తించాలి. 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే, ఎత్తుగా ఉన్న పక్క నిలువు కమ్మి కింది భాగాన్ని అంతే కోయాలి. ఇది చేయకపోతే పైకమ్మి వాలిపోయి, రెక్క ఒక మూల తగులుతుంది, ఒక మూల నోరు తెరుస్తుంది. వడ్రంగులను నియమించుకున్న ఇళ్లలో కూడా తరచుగా తప్పిపోయే మెట్టు ఇదే.

తరువాత పని అంతా బందుల వైపు నిలువు కమ్మితోనే. తలుపు బరువును మోసేది అదొక్కటే కాబట్టి, దాన్ని పూర్తిగా నిటారుగా నిలిపితే సగానికి పైగా పని అయినట్లే. ద్వారబంధాన్ని ఖాళీలో నిలిపి, ప్రతి బందు వెనుక రెండేసి చీలికలను ఎదురెదురుగా దోపాలి. ఒకదాని పలుచని కొస ఒకవైపు నుంచి, రెండోదాని కొస మరోవైపు నుంచి రావాలి. ఒక్క చీలికే దోపితే కమ్మి మెలి తిరుగుతుంది. రెండు కలిస్తే వాటి ముఖాలు సమాంతరంగా ఉండి కమ్మిని నిలువునా ఆపుతాయి. నెమ్మదిగా తట్టుతూ, తూకం గుండు వేలాడదీసి లేదా పొడవాటి రసమట్టం ఆనించి, రెండు దిక్కులా చూడాలి: ఎడమ కుడుల వైపు వాలుతోందా, గది లోపలికో బయటికో వాలుతోందా అని. చాలామంది మొదటిదే చూసి రెండవది వదిలేస్తారు. తలుపు తనంతట తాను తెరుచుకోవడానికో మూసుకోవడానికో కారణం ఎక్కువగా ఆ రెండవ వాలే.

గోడే వాలి ఉంటే? పాత ఇళ్లలో అది మామూలు. అప్పుడు గోడను అనుసరించకుండా గుండును అనుసరించాలి. ద్వారబంధం ఒకచోట గోడకంటే కొద్దిగా ముందుకు, మరొకచోట వెనక్కు ఉంటుంది. ఆ తేడాను చుట్టు పట్టీ వెనుక సర్దుకోవచ్చు. వాలిన గోడకు తగ్గట్లు వాల్చి బిగించిన తలుపును మాత్రం ఏ పట్టీ కాపాడదు.

బందుల వైపు కమ్మిని బిగించాక రెండో వైపు కమ్మి అదే తలంలో ఉందో లేదో చూడటానికి ఒక దారపు పరీక్ష ఉంది. ద్వారబంధం ముఖం మీద పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు ఒక దారం, పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు మరొకటి బిగువుగా కట్టాలి. నడుమ రెండు దారాలూ ఒకదానినొకటి తాకీతాకనట్లు ఉంటే ద్వారబంధం చదునుగా ఉంది. వాటి మధ్య సందు ఉన్నా, ఒకటి మరొకదాన్ని నొక్కుతున్నా ఒక కాలు మెలి తిరిగింది. సలాబత్‌పురాలో దారానికి కొరత లేదు, దాని బిగువు తెలిసిన చేతులకూ కొరత లేదు.

ఇక రెక్కను మూసి చూడాలి. పైన, గొళ్ళెం వైపు సందు ఒకే తీరుగా 3 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి అంత మందం ఉన్న అట్ట ముక్క చాలు. ఎక్కడ ఇరుకుగా ఉంటే అక్కడ చీలిక వదులు చేసి, ఎక్కడ వెడల్పుగా ఉంటే అక్కడ బిగించి సరిచేయాలి. ఎండాకాలంలో బిగించే గట్టి చెక్క తలుపుకు గొళ్ళెం వైపు మరో మిల్లీమీటరు ఎక్కువ వదలడం వివేకం. నడి వానాకాలంలో బిగిస్తే అదనం అక్కరలేదు. అప్పటికే అది ఉబ్బి ఉంటుంది.

పరీక్ష సులువైనది. తలుపును పావు వంతు, సగం, ముప్పావు వంతు తెరిచి వదలాలి. వదిలినచోటే నిలిస్తే అమరిక సరిగా కుదిరింది. కదిలితే మళ్లీ గుండు దగ్గరికి వెళ్లాలి.

ఇటుకలోకి పట్టు, గోడలో తీగలు

చెక్క చట్రంలోకి దిగే మేకు ఇటుక గోడలో నిలవదు. చీలికలు ఉన్నచోటే కమ్మి గుండా గోడలోకి రంధ్రం చేసి, ప్లాస్టిక్ తొడుగుతో వచ్చే పొడవాటి ఫ్రేమ్ ఫాస్టెనర్లతో బిగించాలి. పూత మందాన్ని దాటి ఇటుకలోకి కనీసం రెండు అంగుళాలు దిగాలి. ఇటుకల నడుమ సిమెంటు గీతలో కాకుండా ఇటుక కడుపులో రంధ్రం పడితే పట్టు బాగుంటుంది. తేలిక బ్లాకులతో కట్టిన కొత్త గోడలకు వాటికే ప్రత్యేకమైన తొడుగులు అడిగి తీసుకోవాలి. అన్నిటికంటే ఎక్కువ లాగుడు పై బందు మీద పడుతుంది కనుక అక్కడ చేసే పొదుపు ఎంతో కాలం నిలవదు.

రంధ్రం చేసే ముందు మీటల పలక ఎటువైపు ఉందో చూడాలి. మన ఇళ్లలో అది సాధారణంగా తలుపు గొళ్ళెం పక్కనే ఉంటుంది. దానికి తీగలు పైనుంచి నిలువుగానో, తలుపు మీదుగా అడ్డంగానో గోడలోపలి గొట్టాల్లో వస్తాయి. మెయిన్ స్విచ్ ఆపకుండా ఆ పరిసరాల్లో డ్రిల్లు పెట్టరాదు. డ్రిల్లుకు కరెంటు పక్కింటి నుంచో, బ్యాటరీ నుంచో తీసుకోవచ్చు.

మిగిలిన సందులో పీయూ ఫోమ్ నింపడం ఇప్పుడు వాడుక. డబ్బాలోంచి వచ్చిన నురుగు చూస్తుండగానే పొంగుతుంది. ఎక్కువ నింపితే అది కమ్మిని లోపలికి నెట్టి, అంతసేపూ శ్రమపడి సాధించిన 3 మిల్లీమీటర్ల సందును మింగేస్తుంది. తక్కువగా పొంగే రకం తీసుకొని, సందులో సగమే నింపి, కమ్ముల నడుమ అడ్డంగా కర్ర ముక్కలు ఆన్చి, మరునాటిదాకా కదపకుండా ఉంచాలి. చేతి తొడుగులు వేసుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. ఫోమ్ నింపడానికే తప్ప బరువు మోయడానికి కాదు. స్క్రూలు మాని ఫోమ్‌తోనే నిలబెట్టే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకూడదు.

స్నానాల గది తలుపు: బిగువే ప్రమాదం

పాత తలుపుల కింద, పక్కన ఉండే సందులను అందరూ లోపంగానే చూస్తారు. కొత్త తలుపు గొప్పదనం వాటిని మూసేయడమే అనుకుంటారు. లోపల గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గదిలో ఆ సందులే కొన్నిసార్లు ఊపిరి నిలుపుతాయి. గ్యాస్ మండటానికి గదిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. గాలి చాలనప్పుడు మంట అసంపూర్ణంగా మండి కార్బన్ మోనాక్సైడ్ విడుదలవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్న మనిషికి తలనొప్పి, మైకం తెలిసేలోపే కాళ్లు పట్టు తప్పుతాయి. తలుపు తీయాలన్న ఆలోచన వచ్చినా చేయి లేవదు.

కాబట్టి స్నానాల గదికి చుట్టూ ఫోమ్ నింపిన, బిగువైన కొత్త తలుపు పెట్టేముందే గ్యాస్ గీజర్‌ను గది వెలుపల గాలి ఆడే చోటికి మార్చాలి. వేడినీరు గొట్టం ద్వారా లోపలికి వస్తే చాలు. అది మార్చడం కుదరనంత కాలం తలుపు మార్చడం వాయిదా వేయడమే క్షేమం. గీజర్ లేని గదికైనా తలుపు కింది భాగంలో గాలి ఆడే జాలీ పెట్టించుకోవడం, కిటికీని శాశ్వతంగా మూయకుండా ఉండటం అవసరం.

రెండవది, రెక్క తిరిగే దిక్కు. చిన్న స్నానాల గదిలో మనిషి స్పృహ తప్పి పడితే తలుపుకు అడ్డంగానే పడే అవకాశం ఎక్కువ. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటివారు ఎంత తోసినా ఆ శరీరమే దాన్ని ఆపుతుంది. 2021 మార్గదర్శకాలు దివ్యాంగుల మరుగుదొడ్ల తలుపులు బయటికి తెరుచుకోవాలనో, పక్కకు జరగాలనో చెప్పడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. వయసు మళ్లినవారు ఉన్న ప్రతి ఇంటికీ ఆ నియమం వర్తించదగినదే. బయటి నడవ మరీ ఇరుకై, తెరిచిన రెక్క దారిని మూసేస్తుంటే పక్కకు జరిగే తలుపు ఆలోచించాలి.

మూడవది గడియ. లోపల గడియ వేసినా, అవసరమైనప్పుడు బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే గాడి ఉన్న గొళ్ళేలు దొరుకుతాయి. లోపల గడియ పడి ఏడ్చే మూడేళ్ల పిల్లకూ, జారిపడిన అవ్వకూ తలుపు పగలగొట్టవలసిన అగత్యం దానితో తప్పుతుంది. ఆ గాడి ఎలా తిప్పాలో ఇంట్లో అందరికీ ఒకసారి చూపించి ఉంచాలి.

అద్దె ఇంట్లో ఉండేవారు ఇదంతా మొదలుపెట్టేముందు యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. గోడలో రంధ్రాలు పడే పని ఇది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తలుపు ఎవరిది అన్న తగాదా ఆ కాగితంతో ముగుస్తుంది.

మొదటి వానాకాలం

బిగించిన ఏడాది జులై, ఆగస్టుల్లో తలుపు కొంచెం తగలడం సహజం. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించడం తొందరపాటు. ఉబ్బిన చెక్కను అప్పుడు గీకితే చలికాలంలో అది ముడుచుకొని, సందులోంచి అవతలి గది దీపం కనబడుతుంది. ముందు పై బందు స్క్రూలు వదులయ్యాయేమో చూసి బిగించాలి. తగిలేది గొళ్ళెం వైపు పై మూలే అయితే చాలాసార్లు దానితోనే సరిపోతుంది. అయినా తగులుతుంటే, తగిలిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దీపావళి దాటాక మళ్లీ చూడాలి. అప్పటికీ తగులుతూ ఉంటేనే ఆ గుర్తు మేరకు చిత్రిక పట్టి, గీకిన అంచుకు అదే రోజు రంగు వేయాలి.